ఇంటి నంబరున్న దాదాలు

మా రోజుల్లో బొంబాయిలో దాదా అన్నవాడికి ఇంటి నంబరుండేది. ఏ చాల్, ఎన్నో అంతస్తు, తండ్రి ఏ మిల్లులో ఏ ఖాతాలో చేస్తాడు, తల్లి ఏ నల్లా దగ్గర బిందె పెడుతుంది, గల్లీలో అందరికీ తెలుసు. వాడు రాత్రి తాగి ఎవరి తలకాయో పగలగొడితే, పొద్దున్నే పెద్దమనుషులు ఇద్దరు పోయి వాళ్ళమ్మను గుమ్మంలోకి పిలిచి చెప్పేవాళ్ళు. నలుగురి ముందు కొడుకును చీపురు తిరగేసి కొట్టిన తల్లుల్ని నేను చూశాను. వాడు రౌడీయే, దొంగే. మంచివాడని నేననడం లేదు. వాడిని అడిగే దిక్కు ఒకటి ఉండేదంటున్నాను.

ఇప్పుడు కాల్చేవాడు ఒక ఊరివాడు, కాల్చమన్నవాడు ఇంకో రాష్ట్రంలో జైల్లో ఉంటాడు. 2024 అక్టోబరు 12న, దసరా పూట, బాంద్రాలో మాజీ మంత్రి బాబా సిద్దిఖీని కాల్చి చంపారు. పట్టుబడ్డ పోరగాళ్ళు ఇరవై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్నవాళ్ళు, ఉత్తరప్రదేశ్ నుంచీ హర్యానా నుంచీ వచ్చినవాళ్ళు. ఇది లారెన్స్ బిష్ణోయ్ ముఠా పని అని పోలీసులంటున్నారు. ఆ బిష్ణోయ్ అప్పటికే గుజరాత్ జైల్లో ఉన్నాడు. ఈ పోరగాళ్ళ తల్లుల గుమ్మం ముందుకు ఎవరు పోయి నిలబడాలి? బాంద్రా గల్లీలో వాళ్ళను చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్ళు ఒక్కరున్నారా?

నేను సిరిసిల్ల పక్క ఊరి నుంచి 1964లో బొంబాయి బండెక్కాను. మా పద్మశాలీలు అప్పటికే వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ నిండా ఉన్నారు. మాకంటే ముందు తరాల్లో మన తెలుగు దేశం నుంచి కట్టుబడి పనులకు వచ్చిన కామాఠీల పేరే కామాఠీపురాకు పడింది. వర్లీ బీడీడీ చాల్‌లో 160 చదరపు అడుగుల గది, అందులో పాళీ ప్రకారం నిద్ర. పగటి పాళీ వాడు లేచిపోయిన చాప మీద రాత్రి పాళీ వాడు పడుకునేవాడు. మరాఠీ వాళ్ళు ఆ పేట మొత్తాన్నీ గిరణ్‌గావ్ అనేవాళ్ళు, మిల్లుల ఊరని. మిల్లు భోంగా మోగితే అన్నం, భోంగా మోగితే పని. సాంచాల చప్పుడుకు చెవులు దిమ్మెక్కి ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేవాళ్ళం.

ఆ పేటలో పాపపు సొమ్ము లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. 1949 నుంచి మద్యనిషేధం చట్టముంది కనుక హాత్‌భట్టీ సారా ప్రతి నాకాలోనూ దొరికేది. కల్తీ సారా తాగి కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. మట్కా అయితే మా పత్తి నుంచే పుట్టింది. న్యూయార్క్ పత్తి బజారు ధరల మీద అంకె కాసే జూదం అది. ఆ ధరలు రావడం ఆగిపోయాక 1962లో కళ్యాణ్‌జీ భగత్, 1964లో రతన్ ఖత్రీ తమ తమ అంకెలు తామే తీయడం మొదలుపెట్టారు. జీతం రోజున మిల్లు గేటు దగ్గర అప్పులవాడు ఒక పక్క, మట్కా చిట్టీలు రాసేవాడు ఇంకో పక్క నిలబడేవాళ్ళు. ఆ రెండు చేతులూ దాటుకొని మనిషి ఇంటికి చేరేసరికి సంచిలో ఏముంటుంది? ఆడవాళ్ళు ఎంత ఏడ్చారో నాకు తెలుసు. అందుకే ఆ రోజులు బంగారమని నేననను.

బంగారం వేరేవాళ్ళ దగ్గర ఉండేది. హాజీ మస్తాన్ ఓడరేవులో కూలీగా మొదలైనవాడు. బంగారం మీద సర్కారు ఆంక్షలు పెట్టడం, 1968లో ఏకంగా బంగారం నియంత్రణ చట్టమే తేవడంతో సముద్రం మీద దొంగ బిస్కెట్లకు గిరాకీ పెరిగింది. డోంగ్రీలో కరీం లాలా పఠాన్లు, ధారావి, మాటుంగా వైపు వరదరాజన్ ముదలియార్ సారా భట్టీలు. వీళ్ళు పెద్ద వ్యాపారస్తులు. పేరుకు పోటీ ఉన్నా ఎవరి హద్దులో వాళ్ళుండేవాళ్ళు. వాళ్ళకు కావలసింది కస్టమ్సు వాడి కళ్ళు మూయించడం, సరుకు సురక్షితంగా దింపించడం. గల్లీ దాదాతో వాళ్ళకు పెద్దగా పని లేదు, వాడికి వాళ్ళతోనూ లేదు. గల్లీ దాదా లోకం చిన్నది. ఆ నాకా, ఆ టాకీసు దగ్గర బ్లాకు టికెట్లు, గణపతి పండుగకు చందా, రెండు గల్లీల మధ్య కత్తులు. కత్తి పట్టుకున్నవాడు దగ్గరికి రావాలి, ముఖం కనిపించాలి. పోలీసు జమాదారుకు ఇద్దరూ తెలుసు.

ఈ రెండు లోకాలూ ఎప్పుడు కలిశాయన్నదే నేను చెప్పదలచుకున్న సంగతి. పత్రికల వాళ్ళు దీన్ని దావూద్ కథగా చెబుతారు. హెడ్ కానిస్టేబులు ఇబ్రహీం కాస్కర్ కొడుకు, పఠాన్లతో వైరం, 1981 ఫిబ్రవరిలో ప్రభాదేవి పెట్రోలు బంకు దగ్గర అన్న సాబిర్ హత్య, ఆ తర్వాత పగ. ఆ పెట్రోలు బంకు మా గల్లీకి నడిచిపోయేంత దూరం. ఆ పగలో పఠాన్ల ముఠాలోని అమీర్‌జాదాను 1983లో ఏకంగా కోర్టులోనే కాల్చేశారు. పగ నిజమే. కానీ పగ ఉంటే సరిపోతుందా? పగ తీర్చడానికి మనుషులు కావాలి, రోజూ కావాలి, పోయినకొద్దీ కొత్తవాళ్ళు కావాలి. ఆ మనుషులు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పకుండా కథ చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది.

1982 జనవరి 11న వడాలాలో ముఠా నాయకుడు మన్యా సుర్వేను పోలీసులు కాల్చి చంపారు. కీర్తి కాలేజీలో డిగ్రీ చదివినవాడు. బొంబాయిలో మొదటి ఎన్‌కౌంటర్ అదేనని అందరూ రాసిపెట్టుకున్నారు, సినిమాలు కూడా తీశారు. సరిగ్గా వారానికి, జనవరి 18న, మేము మిల్లులు బందు చేశాం. రెండున్నర లక్షల మందిమి. కార్మిక నాయకుడు దత్తా సామంత్ డాక్టర్ వెంట నడిచాం. జీతాలు, బోనసు, బద్లీ కార్మికుల్ని పర్మనెంటు చేయడం, మాకిష్టం లేని యూనియనును మా నెత్తిన రుద్దే 1946 చట్టం తీసేయడం, ఇవీ మేమడిగినవి. ఆ సమ్మె ముగిసిందని ఈ రోజు వరకూ ఎవరూ ప్రకటించలేదు. మిల్లులు ముగిసిపోయాయి, అంతే.

మొదటి నెలలు పండుగలా ఉన్నాయి. ఊళ్ళ నుంచి రైతులు ధాన్యం పంపారు. ఆరో నెల వచ్చేసరికి మంగళసూత్రాలు కుదువ దుకాణాలకు పోయాయి. మావాళ్ళు చాలామంది సామాను కట్టుకొని సిరిసిల్లకో భివండీకో మరమగ్గాల మీదికి పోయారు. బొంబాయిలో మిగిలిన ఇళ్ళలో ఆడవాళ్ళు పాపడాలు ఒత్తారు, అంట్లు తోమడానికి పోయారు. మగవాళ్ళు గది ముందు వరండాలో కూర్చున్నారు. ముప్పై ఏళ్ళు సాంచా ముందు నిలబడ్డ మనిషి ఏ పనీ లేక కూర్చుంటే వాడి మాటకు ఇంట్లో విలువ పోతుంది. పదిహేడేళ్ళ కొడుకు ఎదురుగా తండ్రి నోరెత్తలేకపోయాడు. గల్లీని కాపాడిన కట్టడి ఏదైనా ఉంటే అది ఇదే: తండ్రికి పనుంది, రేపు కొడుక్కీ అదే ఖాతాలో బద్లీగా పని దొరుకుతుంది, మనుషుల్ని పనిలో పెట్టే జాబర్ చెవిలో తండ్రి ఒక మాట వేస్తే చాలు. అందుకని కొడుకు కొంత భయంతో, కొంత ఆశతో హద్దులో ఉండేవాడు. 1982 తర్వాత ఆ ఆశ తెగిపోయింది. ఆ ఏళ్ళలోనే దుబాయి చేరిన దావూద్ సేఠ్‌కు బొంబాయిలో చేతులు కావలసివచ్చాయి.

గల్లీ ముఠాలను దావూద్ కంపెనీ మింగిన తీరు అది. కంపెనీ అనే మాటే చూడండి, జనం ఊరికే అనలేదు. జీతం ఉంది, జైలుకు పోతే ఇంటికి నెలనెలా డబ్బు వస్తుంది, వకీలు వస్తాడు. మిల్లు ఇచ్చినవన్నీ అది ఇచ్చింది, పింఛను తప్ప. ఎందుకంటే పింఛను వయసుకు ఎవడూ చేరడు.

మింగుడుపడని ముఠా బైకలాలో ఉండేది. రమా నాయక్, బాబు రేషిమ్, అరుణ్ గావ్లీ. ముగ్గురూ మిల్లు పేట పిల్లలే. మొదట దావూద్‌తో కలిసి నడిచారు. తర్వాత బెడిసింది. 1987లో జాకబ్ సర్కిల్ లాకప్‌లో, పోలీసుల కస్టడీలో ఉండగానే, బాబు రేషిమ్‌ను చంపారు. మరుసటి ఏడు చెంబూరులో పోలీసు కాల్పుల్లో రమా నాయక్ పోయాడు. దావూదే చెప్పి చంపించాడని గావ్లీ మనుషులు నమ్మారు. ఆ తర్వాత లెక్క ఎవరూ ఆపలేదు. 1992 జులైలో నాగ్‌పాడాలో దావూద్ సోదరి భర్తను కాల్చారు. కాల్చినవాళ్ళల్లో జనానికి దొరికి దెబ్బలు తిన్నవాళ్ళను జేజే ఆసుపత్రిలో పెడితే, సెప్టెంబరు 12 తెల్లవారుజామున కంపెనీ మనుషులు ఆసుపత్రిలోకే దూరి మంచం మీదున్న శైలేష్ హల్దన్కర్‌ను కాల్చారు. కాపలా ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్ళూ చనిపోయారు. ఆసుపత్రి వార్డులో! మా రోజుల్లో శవయాత్ర పోతుంటే ఎదుటి గల్లీ వాడు కూడా పక్కకు జరిగి నిలబడేవాడు.

మా చాల్‌లో ఒక పోరడుండేవాడు. పేరు చెప్పను, వాళ్ళమ్మ ఇంకా ఉంది. తండ్రి మా ఖాతాలోనే బద్లీ. పిల్లాడు కబడ్డీలో కూతకు పోతే ఇద్దరిని ముట్టి గాని వచ్చేవాడు కాదు. గణపతి మండలి వాళ్ళు వాడిని భుజాల మీద మోసేవాళ్ళు. సమ్మె రెండో ఏట బడి మానేశాడు. ఎవరో ఒక సంచి ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చమన్నారు. డబ్బిచ్చారు, వాడు తల్లి చేతిలో పెట్టాడు. ఆమె అడగలేదు. ఆమెను నేను తప్పుపట్టను, ఇంట్లో బియ్యం లేవు. తర్వాత మోటారు సైకిలు వచ్చింది, మెడలో గొలుసు వచ్చింది, నెలల తరబడి కనిపించకపోవడం వచ్చింది. ఏ ముఠావాడో మాకెవరికీ సరిగా తెలియదు, ఒక ముఠా నుంచి ఇంకో ముఠాకు మారాడని కూడా అన్నారు. ఒక వానాకాలం పేపర్లో నాలుగు ముక్కల వార్త పడింది. తండ్రి వెంట మార్చురీకి పోయినవాళ్ళల్లో నేనొకణ్ణి. వాడిని పంపిన సేఠ్ ఎవరో ఆ తండ్రి చనిపోయేదాకా తెలుసుకోలేకపోయాడు. వాడిని చంపించిన ఎదుటి సేఠ్ ఎవరో కూడా. ఇద్దరు పెద్దవాళ్ళ పోరులో మా పోరడు పోయాడు, ఆ ఇద్దరిలో ఎవరికీ వాడి పేరు తెలిసి ఉండదు.

తర్వాత వ్యాపారమే మారిపోయింది. 1990లో బంగారం చట్టం తీసేశారు. 1992లో విదేశాల నుంచి వచ్చే మనవాళ్ళు సుంకం కట్టి అయిదు కిలోల దాకా తెచ్చుకోవచ్చన్నారు. దొంగ బంగారంలో లాభం పోయింది. అప్పుడు ముఠాల కళ్ళు ఊళ్ళోవాళ్ళ జేబుల మీద పడ్డాయి. హోటలు షెట్టి, బిల్డరు, సినిమా నిర్మాత, అందరికీ ఫోన్లు. లక్షను పేటీ అనేవాళ్ళు, కోటిని ఖోకా. పాత హఫ్తా తీసుకునేవాడు దుకాణం ముందుకు వచ్చి నిలబడేవాడు, బేరమాడితే తగ్గేవాడు. వీళ్ళ గొంతు మాత్రం సముద్రం అవతలి నుంచి వచ్చేది. 1997 ఆగస్టు 12న అంధేరిలో గుడి నుంచి బయటికొస్తున్న గుల్షన్ కుమార్‌ను కాల్చారు. పళ్ళరసం దుకాణం నుంచి పైకొచ్చి క్యాసెట్లు అమ్మినవాడు.

1993 మార్చి 12 గురించి ఎక్కువ రాయలేను. వరస బాంబు పేలుళ్ళలో 257 మంది పోయారు. మా వర్లీలో సెంచురీ బజారు దగ్గర పేలినదే అన్నిటికంటే ఎక్కువ మందిని తీసుకుపోయింది. ఆ రోడ్డు మీద మేము రోజూ నడిచేవాళ్ళం. ఆ తర్వాత దావూద్ నుంచి ఛోటా రాజన్ విడిపోయాడు, ముఠాలకు మతం రంగు పూశారు, ఇతను దేశభక్తుడు అతను ద్రోహి అని మాట్లాడారు. చెంబూరులో సినిమా టికెట్లు బ్లాకులో అమ్మినవాడు దేశభక్తుడెట్లా అయ్యాడో నాకు ఈ రోజుకూ అర్థం కాదు.

కానీ నా గుండెలో ముల్లు వేరే ఉంది. మిల్లుల భూమి. మేము బయట కూర్చున్నప్పుడు లోపల సాంచాలు తుప్పు పట్టాయి గాని వాటి కింద ఉన్న నేల ధర పెరుగుతూ పోయింది. దాదాపు 600 ఎకరాలు, నడి బొంబాయిలో. ఆ నేల అమ్మాలంటే కార్మికులు సరేననాలి, సరేననిపించాలంటే బెదిరించేవాళ్ళు కావాలి. అక్కడ ముఠాలకు కొత్త పని దొరికింది. 1994 మే 7న మహాలక్ష్మి దగ్గర సిగ్నలు వద్ద కారులో ఉన్న సునీత్ ఖటావ్‌ను కాల్చి చంపారు, మిల్లు యజమాని. బైకలా భూమి అమ్మే వ్యవహారంలో గావ్లీ ఒక పక్క, అమర్ నాయక్ ముఠా ఇంకో పక్క నిలిచాయని, కాల్చింది నాయక్ మనుషులేనని పోలీసులు చెప్పారు. ఇద్దరూ గిరణ్‌గావ్ వాళ్ళే. తండ్రులు నేసిన చోట కొడుకులు ఆ నేల కోసం ఒకరినొకరు చంపుకున్నారు. 1997 జనవరి 16న పొవాయిలో దత్తా సామంత్ డాక్టరునూ కాల్చేశారు. ఆ రోజు మా చాల్‌లో పొయ్యి వెలగని ఇళ్ళు చాలా ఉన్నాయి.

1991లో నియమం పెట్టారు. మిల్లు భూమిలో మూడో వంతు ఊరికి ఖాళీ స్థలంగా, మూడో వంతు సామాన్యుల ఇళ్ళకు, మిగిలింది యజమానికి. 2001లో ఆ నియమాన్ని మార్చి, భవనాలు లేని ఖాళీ నేలకు మాత్రమే ఆ వాటాలన్నారు. 2006లో సుప్రీంకోర్టు సరేనంది. ఈ మార్పుకు ఏ ముఠా తుపాకీ పేల్చలేదు. కాగితం మీద ఒక వాక్యం చాలింది. ఫీనిక్స్ మిల్లు మాల్ అయింది. కమలా మిల్లులో హోటళ్ళు వచ్చాయి, 2017 డిసెంబరులో అక్కడ మంటలంటుకొని 14 మంది పోయారు. మాకు ఇళ్ళ లాటరీ 2012లో మొదలైంది. అప్పటికే మా పాళీ వాళ్ళు సగం మంది కాటికి పోయారు.

మనవడు అడుగుతాడు, "తాతా, నువ్వు డాడీని చూశావా?" అని. గావ్లీని అట్లా పిలుస్తారు, ఆ పేరుతో 2017లో సినిమా వచ్చింది. చూశానురా. వాడుండే దగ్డీ చాల్ గేటూ చూశాను, 2004లో చించ్‌పోక్లీ నుంచి ఎమ్మెల్యేగా గెలవడమూ చూశాను. ఒక కార్పొరేటరును ముప్పై లక్షల సుపారీకి చంపించిన కేసులో 2012లో యావజ్జీవ శిక్ష పడింది, 2025లో బెయిలు మీద బయటికి వచ్చాడు. ఛోటా రాజన్ 2015లో బాలీలో పట్టుబడి జైల్లో ముసలివాడయ్యాడు. నాయకులకు ముసలితనం దక్కింది. మా వరండాల్లో ఆడిన పిల్లలకు పాతికేళ్ళు దక్కలేదు. మన తెలుగువాడే రాంగోపాల్ వర్మ, 1989లో 'శివ'తో సైకిలు చైను పట్టించాడు, 1998లో 'సత్య' తీశాడు. ఆ సినిమా చూసి నేను నిద్రపోలేదు. చాల్ గదిలో చెమట కారుతూ కూర్చునే చిన్న ముఠాను అంత నిజంగా ఎవరూ చూపించలేదు. కానీ వీధిలోకి వచ్చి చూస్తే పోరగాళ్ళు అందులోని భీకూ మాత్రే లాగా చొక్కా గుండీలు విప్పి నడుస్తున్నారు. వాడు చివరికి ఎట్లా చచ్చాడో వాళ్ళకు గుర్తులేదు, ఎట్లా నవ్వాడో గుర్తుంది.

ముఠాలు పోయాయని అంటారు. 1999లో మోకా చట్టం వచ్చింది, ఎన్‌కౌంటర్లలో వందల మందిని చంపారు, నిజమే. అందులో ఎంతమంది నిజంగా తుపాకీ పట్టినవాళ్ళో అడిగే ధైర్యం ఆనాడు ఊళ్ళో ఎవరికీ లేకపోయింది, జనం చప్పట్లు కొట్టారు. నాకది నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. పోరగాళ్ళను చంపితే పోరగాళ్ళు తగ్గుతారు, పని లేనితనం తగ్గదు. ఇవాళ ఎండీ అనే తెల్లపొడి అమ్మేది అదే వయసువాళ్ళు. ఫోన్లో ఎవడో ఒకడు 'భాయ్' అని పిలిస్తే కరిగిపోయేది అదే వయసువాళ్ళు.

బీడీడీ చాళ్ళు కూలగొట్టి టవర్లు కడుతున్నారు. మాకూ గది దొరికింది, పెద్దది, లిఫ్టుంది, నీళ్ళు ఇరవై నాలుగ్గంటలూ వస్తాయి. నల్లా దగ్గర బిందెల వరస లేదు, వరండా లేదు, పక్కింటి పోరడు ఎప్పుడు వస్తాడో ఎప్పుడు పోతాడో ఎవరికీ తెలియదు. కొత్త మోటారు సైకిలు కింద పార్కింగులో నిలిస్తే అది ఎవరిదని అడిగేవాళ్ళు లేరు. సొసైటీ మీటింగులో లేచి అడిగాను: కింది అంతస్తులో ఒక గది పోరగాళ్ళకు ఇవ్వండి, పాత తాలీంఖానా లాగా, సాయంత్రం ఇద్దరు పెద్దవాళ్ళం వంతుల వారీగా కూర్చుంటాం, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో చూసుకుంటామని. మీటింగంతా కార్ల స్థలం గురించే నడిచింది. సెక్రెటరీ నా మాట పుస్తకంలో రాసుకోలేదు. వచ్చే నెల మీటింగులో మళ్ళీ లేస్తాను, రాసుకునేదాకా కూర్చోను.